మందల నడకకు తగినట్లు

ఈ నెల నేను మీ యెదుట పెట్టుచున్నది ప్రసంగము కాదు. ఒక పాత సైకిలు సంగతి. ఆ సైకిలు వలన నాకు కలిగిన సంతోషమును, దాని మూలముగా నాకు తెలియవచ్చిన నా తప్పిదమును దాచక చెప్పవలెనని కూర్చుంటిని. సంఘకాపరి తన తప్పును బయట చెప్పుకొనినయెడల సంఘమునకు నష్టమని తలంచువారు కొందరు కలరు. నా అనుభవములో మాత్రము, కాపరి తప్పు కాపరికి తెలియుటకు ముందే సంఘమునకు తెలిసియుండును.

నా పరిచర్య నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఆత్మకూరు మొదలుకొని ఉదయగిరి వైపునకు చెదరియున్న చిన్న చిన్న సంఘముల మధ్య జరుగుచున్నది. ఆదివారమున మూడు చోట్ల ఆరాధనలు, వారములో గృహకూటములు, వివాహములు, భూస్థాపనలు. పండ్రెండేండ్లుగా మోటారు సైకిలు మీద తిరుగుచుంటిని. రెండేండ్ల క్రిందట నెల్లూరులో ఒక వైద్యుడు నా రక్తములోని చక్కెర లెక్క చూచి, "అయ్యగారూ, మీ బండి తిరుగుతోంది గానీ మీ కాళ్ళు తిరగడం లేదు" అనెను. నడవనైన నడువుము, సైకిలైన త్రొక్కుము అని ఆయన తీర్పు.

మా యింటి వెనుక కొట్టములో మా తండ్రిగారి హెర్క్యులిస్ సైకిలు పడియుండెను. మద్రాసు ప్రక్కన అంబత్తూరు కర్మాగారములో తయారైనది. ఆయన గ్రామ ఉపదేశి. నా చిన్నతనమున ముందు కడ్డీకి తువ్వాలు చుట్టి, దాని మీద నన్ను కూర్చుండబెట్టుకొని పల్లెలు తిరిగెడివారు. ఆత్మకూరులో సైకిలు షాపు సాయిబుగారి యొద్దకు దానిని తీసికొనిపోతిని. టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు, చెయిను అన్నియు క్రొత్తవి వేసి, "ఇనుము మాత్రం ఇప్పుడు ఇట్లాటిది రాదు అయ్యగారా. బెల్లు మార్చబాకండి, దాని నాదం బాగుండాది" అనెను. బెల్లు మార్చలేదు.

సోమవారము కాపరులకు కొంత తెరపి దొరకు దినము. మొదటి సోమవారము తెల్లవారుజామున బయలుదేరితిని. ఊరి చివర టీ అంగడి యొద్ద నొకడు, "బండి రిపేరా అయ్యగారా?" అనెను. ఇంకొకడు, "ఎవరికి బాగలేదు?" అని అడిగెను. త్రోవలో కాపరి కనబడెనా, ఎవరో చనిపోయి యుండవలెను, లేక చావుబ్రతుకులలో నుండవలెను. "ఊరకనే పోవుచున్నాను" అంటిని గాని ఎవరును నమ్మలేదు. నిజము చెప్పవలెనన్న, ఊరక పోవుచున్నానని చెప్పుటకు నాకే సిగ్గు వేసెను. రెండవ సోమవారము బైబిలు సంచి హేండిలుకు తగిలించుకొని పోతిని. పని మీద పోవుచున్నట్లు కనబడవలెనని! ఆ సంచి సంగతి జ్ఞాపకముంచుకొనుడి, దానితో మనకు ముందు పని యున్నది.

మా ప్రాంతములో సైకిలు మీద పోదలచువారికి కొన్ని మాటలు చెప్పవలెను. కృష్ణపట్నము రేవు నుండి నెల్లూరు, ఆత్మకూరు, బద్వేలు మీదుగా పడమటికి పోవు 67వ నంబరు జాతీయ రహదారి లారీల త్రోవ. అది మన త్రోవ కాదు. దానిని విడిచి లోపలి పల్లె రోడ్లు పట్టవలెను. ఆత్మకూరు నుండి అనంతసాగరము మీదుగా సోమశిలకు పోవు త్రోవ యొకటి. కొంతమేర కాలువ నీటి వరిపైరు, పిమ్మట తుమ్మ చెట్లు, మేకల మందలు, ఎదురుగా వెలిగొండలు. అనంతపురము, కడప సీమలు దాటి వచ్చిన పెన్న ఆ కొండల సందున దూరి నెల్లూరు జిల్లాలోనికి దిగు చోటనే సోమశిల ఆనకట్ట యున్నది. సుమారు 78 టి.ఎం.సి. నీరు పట్టు జలాశయమది. ఆ నీటి క్రింద కడప జిల్లా పల్లెలు అనేకము మునిగిపోయినవి. ఈ ప్రక్క మన పొలములు పచ్చగా నుండుటకు ఆ ప్రక్క ఎవరి ముంగిళ్ళో నీటి పాలైనవి. మోటారు సైకిలు మీద పోవునప్పుడు నాకు ఈ తలంపు ఎన్నడును రాలేదు.

రెండవ త్రోవ ఉదయగిరి త్రోవ. మర్రిపాడు మండలపు మెట్ట పొలముల మధ్య, పొగాకు బ్యారన్లను చూచుకొనుచు పోవలెను. ఆకు కాల్చు దినములలో ఆ గాలికొక తియ్యని ఘాటైన వాసన యుండును. కొంత దూరము పోయిన తరువాత ఉదయగిరి దుర్గము మబ్బువలె కనబడును. ఆ కొండ ఎత్తు 3,079 అడుగులు. కృష్ణదేవరాయలు 1513లో దానిని ముట్టడించి, ఏడాదిన్నర కాలము క్రింద కాచుకొని, 1514లో గాని పట్టుకొనలేకపోయెను. కోటకు పోవుటకు సరియైన దారి లేనందున గొప్ప బండలు పగులగొట్టించి త్రోవలు తీయించెనని, ఆ శతాబ్దములోనే విజయనగరములో నుండిన నూనిజ్ అను పోర్చుగీసు గుఱ్ఱముల వర్తకుడు వ్రాసియుంచెను. ఈ బండల మాట కూడ జ్ఞాపకముంచుకొనుడి.

ఈ రెండు త్రోవలును నా యీడువానికి ఒక్క దినములో పోయి రాదగినవి కావు. త్రోవలో ఒక రాత్రి ఎవరి యింటనైన నిలువవలెను. మా సీమకు వాన ముఖ్యముగా అక్టోబరు, నవంబరు నెలలలో వచ్చును గనుక, డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు మంచి కాలము. రోహిణి కార్తెలో ఈ సాహసము వలదు. తెల్లవారక ముందే బయలుదేరి ఎండ ముదరక మునుపే నీడ చేరవలెను. మంచినీళ్ళు, గాలి పంపు, పంచరు సామాను తప్పక యుండవలెను; సర్కారు తుమ్మ ముల్లు కాపరి టైరు అని చూడదు.

ఇక నా తప్పిదము. మా పెద్దకుమార్తె ఇంగ్లండు దేశములో బ్రిస్టల్ పట్టణమున నర్సుగా పనిచేయుచున్నది. మూడేండ్ల క్రిందట ఒక ఆదివారము రాత్రి ఫోనులో, ఆ దినము తాను సైకిలు మీద బాత్ పట్టణము వరకు పోయి వచ్చితినని సంతోషముతో చెప్పెను. 1960లలో మూతబడిన రైలు మార్గము మీద, 1979 మొదలు 1986 వరకు స్వచ్ఛందముగా వచ్చినవారు పనిచేసి సైకిళ్ళకు వేసిన త్రోవ యది. నిడివి పదమూడు మైళ్ళు. రైళ్ళు పోయిన సొరంగములో ఇప్పుడు పిల్లలు బెల్లు కొట్టుకొనుచు పోవుదురట. ఆ త్రోవ మొదలుగా పెరిగి, ఇప్పుడా దేశమంతట వేల మైళ్ళ సైకిలు త్రోవలు నంబర్లు వేసి యున్నవి. ఇది నాలుగవ నంబరు. ఆమె ఇదంతయు చెప్పుచుండగా నేను అడిగిన మొదటి ప్రశ్న యిది: "ఆరాధనకు ఏ గుడికి పోతివి?"

ఆమె మాటలాడలేదు. నేను ఆగలేదు. "ఆదివారము ఊరక తిరుగుటకేనా అప్పుచేసి నిన్ను చదివించి పంపినది?" అంటిని. ఇంకను చాల మాటలంటిని, అవి వ్రాయను. అప్పటి నుండి ప్రతి శనివారము ఆమె తల్లితో ఒక గంట మాటలాడును. ఫోను నా చేతికి వచ్చినప్పుడు, "బాగున్నాను నాన్నా. మీరు మందులు వేసుకుంటున్నారా?" అనును. అంతే. ఒక ఏడాదికి పైగా మా యిద్దరి మధ్య ఆ రెండు మాటలే నడిచినవి. నేను దానిని విధేయత అనుకొంటిని.

ప్రభువు దినమును గూర్చిన నా ఆతురత అబద్ధము కాదు. అది క్రొత్తదియు కాదు. 1890లలో ఇంగ్లండులో సైకిళ్ళు విస్తారమైనప్పుడు, యౌవనులు గుడి విడిచి సైకిళ్ళెక్కి పోవుచున్నారని అక్కడి బోధకులు చాల కోపించిరి. అయితే ఆ దేశమందే మెరిడెన్ అను గ్రామములో, మొదటి ప్రపంచ యుద్ధమున చనిపోయిన సైకిలు ప్రయాణికుల జ్ఞాపకార్థము 1921లో ఒక రాతిస్తంభము నిలిపిరి. దాని యొద్ద ప్రతి మే నెలలో సైకిళ్ళతో కూడివచ్చి ప్రార్థన చేయుట వాడుకయైనది. కోపించిన బోధకులు మరువబడిరి గాని ఆ ప్రార్థన మరువబడలేదు. ఇది చెప్పి ఆరాధనను తేలిక చేయుట లేదు. అడుగవలసిన ప్రశ్నకు ముందు అడుగవలసిన ప్రశ్న యొకటి యుండెననియు, దానిని నేను అడుగలేదనియు చెప్పుచున్నాను.

అది నాకు నేర్పినది ఒక మేకల అవ్వ. అనంతసాగరము త్రోవలో ఒక వేపచెట్టు క్రింద ఆమె తన మందను నిలిపియుండెను. నేనును నీడకు దిగితిని. ఆమె నన్ను పరకాయించి చూచి, "ఈ రోడ్డు మీద మీ బండి చప్పుడు పన్నెండేళ్ళుగా ఇంటానే ఉండా అయ్యగారా. మొగం ఇయ్యాల చూస్తా ఉండా" అనెను. ఆమె మా సంఘస్థురాలు కాదు. అయినను నా యింటి సంగతులన్నియు ఆమెకు తెలియును. పల్లెలలో అట్లే యుండును. "మీ పాప సీమలో ఉందంట గదా. ఎట్లుండాది? మాట్లాడతా ఉందా?" అని అడిగెను.

"బాగున్నది" అంటిని. మాటలాడుచున్నదా అను దానికి నాయొద్ద జవాబు లేదు. అవ్వ మరల అడుగలేదు. ఆమె ఒడిలో ఆ తెల్లవారుజామున పుట్టిన మేకపిల్ల యుండెను. తల్లిమేక ప్రక్కన నిలిచి దానిని నాకుచుండెను. తక్కిన మంద ముందుకు పోవలెనని తొందరపడుచుండగా ఆమె కదలలేదు. ఎందుకు నిలిచితివని అడిగితిని. "తరిమితే పోతాయి అయ్యగారా. పోయి పడిపోతాయి. పిల్లతల్లి యాడుంటే మంద ఆడ నిలబడాల" అనెను.

చదువరులారా, ఆదికాండము 33వ అధ్యాయము మీకు తెలియును. ఏశావు నాలుగు వందలమంది మనుష్యులతో వచ్చి, తనతో కలిసి ప్రయాణము చేయుమని తమ్ముని పిలిచెను. పిల్లలు పసివారనియు, పాలిచ్చు పశువులు తనయొద్ద నున్నవనియు, ఒక్క దినము వడిగా తోలినను మంద నశించుననియు యాకోబు చెప్పి, వాటి నడక కొలదిని మెల్లగా వచ్చెదననెను. ఈ భాగము మీద నేను అనేకసార్లు ప్రసంగించితిని. ఆ చెట్టు క్రింద మాత్రము అది నా మీద ప్రసంగించెను.

హైదరాబాదులోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో చదువుకొను దినములలో మాకు ఒక సంగతి చూపించిరి. యాకోబు ఏశావు వెనుక శేయీరునకు వచ్చెదనని చెప్పెను గాని పోయినది సుక్కోతునకు. ఆ మెల్లని నడక కొంత నిజము, కొంత మిష. అన్నను ఎదుర్కొనుటకు భయపడి పిల్లలను, పశువులను అడ్డముపెట్టుకొనెను. ఇప్పుడు నా బైబిలు సంచిని జ్ఞాపకము చేసికొనుడి. నేనును అట్టివాడనే గదా! నా విరామమును కప్పుకొనుటకు పరిచర్యను అడ్డముపెట్టితిని. నా కుమార్తెతో మాటలాడకుండుటకు ప్రభువు దినమును అడ్డముపెట్టితిని. ఆమె గుడికి పోకుండుట నన్ను బాధించినంతగా, ఆమె ఎట్లున్నదో తెలియకుండుట నన్ను బాధింపలేదు. ఇది వ్రాయుటకు నా చేయి వెనుకాడుచున్నది గాని వ్రాయుచున్నాను.

ఆ రాత్రి తొమ్మిది గంటలకు నేనే ఫోను చేసితిని. అప్పుడు అక్కడ సాయంకాలము నాలుగున్నర. శనివారము కాదు గనుక ఆమె భయపడి, "అమ్మకు ఏమైంది?" అనెను. ఏమియు కాలేదని చెప్పి, "నీవు బాత్‌కు పోయిన ఆ త్రోవ ఎట్లుండును?" అని అడిగితిని. చాలసేపు మాట లేదు. ఫోను తెగినదేమో అనుకొంటిని. తరువాత ఆమె చెప్పెను. ఆ ముందటి రాత్రి ఆమెకు డ్యూటీ. బంధువులు ఎవరును రాని ఒక ముసలివాడు తెల్లవారుజామున చనిపోయెను. అతడు పోవువరకు ఆమె అతని చేయి పట్టుకొని కూర్చుండెను. డ్యూటీ దిగిన తరువాత నిద్ర పట్టలేదు. నలుగురి నడుమ బెంచీ మీద కూర్చుండి పాటలు పాడు శక్తి లేక, తోటి నర్సు సైకిలు అడిగి తీసికొని పోయెను. "సొరంగంలో ఎవరూ లేనప్పుడు ఏడ్చాను నాన్నా. బయటికొచ్చాక ఎండ వచ్చింది. అది మీకు చెబుదామనే ఫోన్ చేశాను" అనెను.

అది నాకు చెప్పవలెననియే ఫోను చేసెను. నేను ఏ గుడికి పోతివని అడిగితిని.

నేను క్షమింపుమని అడిగితిని. "సరే నాన్నా" అనెను గాని ఆ ఒక్క మాటతో అంతయు చక్కబడలేదు. రాయలవారికి కోట చేరు త్రోవ తీయుటకు ఏడాదిన్నర పట్టెనని చెప్పితిని గదా. ఆయన పగులగొట్టినవి కొండ బండలు. నేను పగులగొట్టవలసినవి నేనే త్రోవకు అడ్డముగా దొర్లించినవి. ప్రతి సోమవారము రాత్రి ఫోను చేయసాగితిని. నేను చూచినవి చెప్పుదును: పెన్నలో కొంగలు, బ్యారను ముందు ఆకు గుచ్చు స్త్రీలు, అవ్వ మేకపిల్ల ఎంత పెరిగినది. ఆమె చూచినవి ఆమె చెప్పును. ఎన్నో వారములు అదియే మా సంభాషణ. హితబోధ చేయలేదు. యాబదియేండ్లు దాటిన బోధకునికి అది ఎంత కష్టమో నా తోటి కాపరులకు తెలియును.

మొన్న జనవరిలో ఆమె సెలవు మీద వచ్చెను. బంధువుల పిల్లవాని గేర్ల సైకిలు ఒకటి అడిగి తీసికొని, నాతోకూడ సోమశిలకు బయలుదేరెను. మొదటి సాయంకాలము అనంతసాగరములో నిలిచి, మరునాడు మంచులో సాగిపోతిమి. ఆమె సైకిలు తేలిక, వయస్సు చిన్నది. నాది ఇనుప హెర్క్యులిస్. మిట్ట వచ్చిన ప్రతిచోట ఆమె ముందుగా దిగి, "నాన్నా, ఆ పిట్ట చూడండి" అనియో, "నీళ్ళు తాగుదాం" అనియో నిలిచిపోవుచుండెను. మూడవ మిట్ట యొద్ద గాని నాకు అర్థము కాలేదు. ఆ చోట పిట్ట ఏదియు లేదు. నేను రొప్పుచున్నందున ఆమె నిలిచెను. మందలోని బలహీనమైన దానిని బట్టి నడక నియమించిన కాపరి ఆ దినమున నేను కాను; నా కుమార్తె. నా తండ్రి నన్ను కడ్డీ మీద కూర్చుండబెట్టుకొని ఏ నడకతో పోయెనో, ఆ నడకతోనే ఆమె నన్ను తీసికొనిపోయెను.

బెల్ఫాస్టులో డన్‌లప్ అను పశువైద్యుడు తన చిన్న కుమారుని మూడు చక్రముల బండి గట్టి చక్రముల వలన కుదుపుచున్నదని, 1887–88లో గాలి నింపిన రబ్బరు టైరు చేసెను. లోకమంతయు ఈనాడు దాని మీదనే తిరుగుచున్నది. తండ్రి తన బిడ్డ కుదుపును గమనించుట చేతనే అది కలిగెను. నేను నా బిడ్డ కుదుపును గమనింపకపోతిని. ఆమె నా రొప్పును గమనించెను.

ఆనకట్ట మీదనుండి చాలసేపు నీళ్ళను చూచితిమి. ఆమె, "నేను ప్రతి ఆదివారం గుడికి వెళ్ళడం లేదు నాన్నా. అబద్ధం చెప్పను. కానీ ప్రార్థన మానలేదు" అనెను. నాకు దుఃఖము కలిగెను, దానిని దాచలేదు. "నీవు పోవలెనని నేను కోరుచున్నాను. నీకు స్థలముంచమని ప్రభువును అడుగుచున్నాను" అని ఒక్కమారు చెప్పి ఊరకుంటిని. తరువాత ఆమె పోయినదా లేదా అని మీరు అడుగవచ్చును. అది నేను ఇక్కడ వ్రాయను. అది ఆమెకును ప్రభువునకును మధ్య నున్న సంగతి. ఉదయగిరిలో చేసిన కొయ్య గరిటెలు రెండు ఆమె తల్లి ఆమె పెట్టెలో పెట్టెను. సోమవారపు ఫోను ఆగలేదు.

ప్రియులారా, మన ప్రభువు తన శిష్యులను ఏకాంత స్థలమునకు పిలిచి కొంచెము అలసట తీర్చుకొనమనెను. ఎమ్మాయు త్రోవలో దుఃఖముతో పోవుచున్న యిద్దరి ప్రక్కను వారి నడకతోనే నడిచి, ఏమి మాటలాడుకొనుచున్నారని మొదట అడిగెను. బోధ ఆ తరువాతనే. ఆయన అడిగి వినినట్లు మనమును అడిగి విందుము. మీకు సైకిలు లేకపోవచ్చును, త్రొక్కు బలము లేకపోవచ్చును. అయినను మీ యింటిలో, మీ సంఘములో మెల్లగా నడుచువారు ఎవరో ఒకరుందురు. ఈ నెలలో ఒక్క దినము వారి నడకతో నడిచి చూడుడి. పని మీద పోవుచున్నట్లు కనబడవలెనని సంచి తగిలించుకొనకుడి.

రేపు సోమవారము. సైకిలుకు గాలి కొట్టియుంచితిని. అవ్వకు చెప్పుటకు నాయొద్ద ఇప్పుడు జవాబున్నది.